చెప్పవలసిన మాట: సుఖవ్యాధులు, దాపరికం, దాంపత్యం



ఈ పూట నేను తీసుకున్న విషయం కాస్త మొహమాటం కలిగించేదే. సుఖవ్యాధి సోకిన మనిషి ఆ సంగతి తన భార్యకో, భర్తకో చెప్పడం, లేదా చెప్పకుండా ఉండిపోవడం, ఈ రెండింటి వెనక ఉన్న చరిత్ర. రేడియో కట్టేయవలసినంత మాటలేవీ ఇందులో లేవు. పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళలో పెద్దలు వినదగినవి మాత్రం కొన్ని ఉన్నాయి.

వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదని మనవాళ్ళు అంటారు. ఆ మాటలో ఇల్లాలి ప్రస్తావన లేదు చూశారా? రోగి వైద్యుడికి చెప్పుకుంటాడు, వైద్యుడు మందిస్తాడు, సంగతి అక్కడితో ముగిసిందనుకుంటారు. కాని ఈ జబ్బుల విషయంలో మూడో మనిషి ఒకరుంటారు. ఆ మనిషికి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, చెప్పకపోతే తప్పెవరిది అన్న ప్రశ్నలు అడగడానికి లోకానికి సుమారు నాలుగు వందల ఏళ్ళు పట్టింది.

మొదట పేర్ల సంగతి చూద్దాం. 1495లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ సైన్యం ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఉండగా, ఒళ్ళంతా పుండ్లు పడే ఒక భయంకరమైన జబ్బు సైనికుల్లో వ్యాపించింది. సైన్యం చెదిరి ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళడంతో జబ్బు యూరపు అంతటా పాకింది. ఇటలీ వాళ్ళు దాన్ని ఫ్రెంచి జబ్బు అన్నారు. ఫ్రెంచి వాళ్ళు నేపుల్స్ జబ్బు అన్నారు. వెరోనా నగరపు వైద్యుడు ఫ్రాకాస్టోరో 1530లో ఒక కావ్యం రాసి, అందులో సిఫిలస్ అనే గొర్రెల కాపరికి ఈ రోగం వచ్చినట్టు కల్పించాడు. సిఫిలిస్ అన్న పేరు అలా వచ్చింది.

మన దేశానికి ఈ జబ్బు పోర్చుగీసు ఓడల కాలంలో వచ్చిందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. వాస్కో డ గామా కోళిక్కోడు చేరింది 1498లో. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశంలో దీనికి 'ఫిరంగ రోగం' అనే పేరు కనిపిస్తుంది. ఫిరంగులంటే తెల్లవాళ్ళు. తమిళంలో 'పరంగిప్పుణ్' అన్నారు. దీనికి మందుగా వాడిన దుంపను మన మూలికల అంగళ్ళలో పరంగిచెక్క అనే పేరుతో అమ్మారు. తెలుగులో సిఫిలిస్‌కు సవాయి అని, గనేరియాకు సెగరోగం అని పేర్లు ఉండనే ఉన్నాయి. మూత్రం పోసేటప్పుడు సెగలా మండుతుంది కనుక ఆ పేరు.

ఈ పేర్లన్నిటిలో ఒక పోలిక ఉంది. జబ్బు ఎవరో బయటివాడు తెచ్చిందే. అది మనది కాదు, మన ఇంటిది అసలే కాదు. ఎవరు తెచ్చారన్నదే అందరి ప్రశ్న. ఇంకెవరికి సోకి ఉంటుంది, వాళ్ళకు కబురు చేరిందా అని అడిగినవాళ్ళు లేరు.

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే జబ్బు నడక కొంత తెలియాలి. సవాయి సోకిన 10 రోజుల నుంచి 90 రోజుల లోపు ఒక పుండు వస్తుంది. అది సాధారణంగా నొప్పి పెట్టదు. మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటది మానిపోతుంది. పుండు మానింది కదా, జబ్బు పోయిందని మనిషి అనుకుంటాడు. నిజానికి అది లోపలికి వెళ్ళింది. తరవాత ఒంటిమీద దద్దుర్లు రావచ్చు, అవీ పోతాయి. ఆపైన ఏళ్ళ తరబడి ఏమీ కనిపించకపోవచ్చు. చివరికి కొందరిలో గుండెను, నరాలను, మెదడును పట్టుకుంటుంది. గర్భిణికి ఉంటే కడుపులో బిడ్డకు సోకుతుంది. బిడ్డ చనిపోయి పుట్టవచ్చు, జబ్బుతో పుట్టవచ్చు. ఇక సెగరోగం మగవాళ్ళలో మంటగా బయటపడుతుంది కాని, ఆడవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. లోలోపల గర్భనాళాలు మూసుకుపోయి సంతానం కలగకపోవచ్చు. అలాంటప్పుడు గొడ్రాలన్న మాట పడేది ఎవరో మీకు వేరే చెప్పనక్కరలేదు.

అంటే, తనకు జబ్బు ఉందని ఆ ఇల్లాలికి తన ఒళ్ళు చెప్పదు. మరొకరు చెప్పాలి. చెప్పవలసిన మనిషి ఒక్కడే, భర్త.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. బళ్ళారి, బెంగళూరు, తిరుచిరాపల్లి, సికింద్రాబాదు ఊళ్ళన్నీ మద్రాసు సైన్యం దండు దిగిన చోట్లు. బెంగళూరులో ఆ భాగాన్ని దండు అనే అన్నారు. సికింద్రాబాదుకు లష్కర్ అన్న పేరు ఇప్పటికీ పోలేదు. బళ్ళారి ప్రాంతం 1800లో నిజాం ఇచ్చివేసిన దత్తమండలాలలో భాగం. 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆ దండును నమ్ముకుని బతికినవాళ్ళూ ఉన్నారు.

తెల్ల సిపాయిల్లో సుఖవ్యాధులు ఎక్కువై ఆస్పత్రులు నిండిపోవడంతో సర్కారు లాక్ హాస్పిటళ్ళు పెట్టింది. ఆ పేరు 1747లో లండనులో తెరిచిన ఆస్పత్రి నుంచి వచ్చింది. పేరుకు తాళంతో సంబంధం లేకపోయినా, మన దేశంలో అవి తాళం వేసిన కొట్లలాగే పనిచేశాయి. 1864లో కంటోన్మెంటు చట్టం, 1868లో భారత అంటువ్యాధుల చట్టం వచ్చాయి. వాటి ప్రకారం వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేరు నమోదు చేయించుకోవాలి, నిర్ణీత కాలానికి ఒకసారి పరీక్షకు రావాలి, జబ్బు ఉంటే ఆస్పత్రిలో ఉండాలి. రాకపోతే శిక్ష. సిపాయిలకు మాత్రం ఇలాంటి నిర్బంధం లేదు. వాళ్ళ నుంచి ఎవరికి సోకిందో కనుక్కునే ఏర్పాటూ లేదు. ఇంగ్లండులో ఇలాంటి చట్టాల మీద జోసెఫిన్ బట్లర్ అనే ఆవిడ 1869 నుంచి పోరాడింది. అక్కడ 1886లోను, ఇక్కడ 1888లోను ఆ చట్టాలు రద్దయ్యాయి.

ఆ రోజుల్లోనే రెండు కోర్టు తీర్పులు వచ్చాయి. ఒకటి 1886లో బొంబాయి హైకోర్టుది. సిఫిలిస్ ఉన్న ఒక వేశ్య వల్ల ఒకతనికి జబ్బు అంటింది. అంటురోగం వ్యాపించేలా నిర్లక్ష్యంగా ప్రవర్తించడం నేరమని చెప్పే శిక్షాస్మృతి 269వ సెక్షను కింద ఆమె మీద కేసు పెట్టారు. ఆ సెక్షను కింద శిక్షించడం కుదరదని, అబద్ధం చెప్పి నమ్మించి ఉంటే అది మోసం నేరం కిందికి రావచ్చునని కోర్టు అన్నది.

రెండోది 1888లో ఇంగ్లండులో వచ్చిన క్లారెన్స్ కేసు. తనకు గనేరియా ఉందని తెలిసి కూడా భర్త భార్యకు చెప్పలేదు. ఆమెకు సోకింది. తెలిసి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదన్నది ఆమె. పదముగ్గురు న్యాయమూర్తులు విన్నారు. 9 మంది ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఎక్కువమంది మాట ప్రకారం భర్తకు పడిన శిక్ష కొట్టివేశారు. భార్య కనుక సమ్మతి ఉన్నట్టే అన్న ఆలోచన ఆ తీర్పులో బలంగా పనిచేసింది. ఆ దారి తప్పని ఇంగ్లండు అప్పీలు కోర్టు చెప్పడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. లెక్క వేసుకోండి, 116 ఏళ్ళు.

చట్టం ఇలా ఉంటే వైద్యుల పరిస్థితి ఇంకో రకంగా ఉండేది. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ ఫూర్నియే అనే పెద్ద వైద్యుడు 1880లో సిఫిలిస్, వివాహం అనే విషయం మీద ప్రత్యేకంగా పుస్తకం రాశాడు. తన దగ్గరికి వచ్చే భార్యలలో ఎందరికో భర్తల నుంచే జబ్బు సోకిందని ఆయన గమనించాడు. అయినా రోగి రహస్యం వైద్యుడు బయటపెట్టరాదు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి అడిగినా వైద్యుడు నోరు విప్పకూడదు. చేయగలిగిందల్లా రోగిని కూర్చోబెట్టి, ఇప్పుడే పెళ్ళి చేసుకోవద్దని గట్టిగా చెప్పడమే.

ఈ ఇరకాటాన్నే తీసుకుని బ్రియే అనే ఫ్రెంచి రచయిత నాటకం రాశాడు. 1901లో పారిస్‌లో అధికారులు దాన్ని ఆడనివ్వలేదు; అక్కడ 1905లో గాని రంగం ఎక్కలేదు. కథ చిన్నది. పెళ్ళి కుదిరిన యువకుడికి సిఫిలిస్ ఉంటుంది. మూడు నాలుగేళ్ళు ఆగమంటాడు వైద్యుడు. అతను ఆగడు. ఎవడో నాటువైద్యుడి మాట నమ్మి కొద్ది నెలల్లోనే పెళ్ళి చేసుకుంటాడు. పుట్టిన బిడ్డకు జబ్బు వస్తుంది. పాలిచ్చే దాదికి కూడా అంటే ప్రమాదం ఉందని వైద్యుడు చెప్పినా, ఆమెకు తెలియనివ్వకూడదని ఇంటివాళ్ళు చూస్తారు. ఒక మనిషి దాచిన మాట ఎన్ని ఒళ్ళలోకి వెళుతుందో ఆ దాది పాత్ర చూపిస్తుంది. 1913లో న్యూయార్కులో ఆడినప్పుడు ఈ నాటకం పెద్ద చర్చ లేపింది.

ఈలోగా శాస్త్రం ముందుకు నడిచింది. 1905లో సిఫిలిస్ క్రిమిని జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ కనిపెట్టారు. 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. పుండు లేకపోయినా జబ్బు ఉందో లేదో తెలుసుకునే వీలు అప్పుడే మొదలు. 1910లో ఎర్లిష్ తయారుచేసిన 606 అనే పాషాణపు మందు అమ్మకానికి వచ్చింది. 1943లో అమెరికా వైద్యుడు మహోనీ పెన్సిలిన్ ఈ జబ్బును నయం చేస్తుందని చూపించాడు. మన దేశంలో పుణె దగ్గర పింప్రిలో ప్రభుత్వ కర్మాగారం 1955లో పెన్సిలిన్ తయారీ మొదలుపెట్టింది.

మందు వచ్చాక దాచడానికి కారణం తగ్గాలి కదా? సిగ్గు మాత్రం తగ్గలేదు. 1934 నవంబరులో అమెరికాలో ఒక సంగతి జరిగింది. రేడియో ప్రసంగం కనుక మీకు తప్పకుండా చెప్పాలి. న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యాధికారి థామస్ పారన్ రేడియోలో మాట్లాడవలసి ఉంది. సిఫిలిస్, గనేరియా అన్న మాటలు పలకకూడదని రేడియో సంస్థ చివరి నిమిషంలో చెప్పింది. ఆ మాటలు లేకుండా ఆ ప్రసంగం ఎలా చేస్తారు? ఆయన ప్రసంగం మానుకున్నాడు. శ్రోతలకు ఆ సమయంలో సంగీతం వినిపించారు. రేడియోలోనే పలకకూడని మాటను ఇంట్లో భర్త భార్యతో ఎలా పలుకుతాడు? పారన్ 1936లో దేశం మొత్తానికి ఆరోగ్యాధికారి అయ్యాక పట్టుబట్టి ఆ మాటలను పత్రికల్లోకి తెచ్చాడు. రోగితో పాటు అతని నుంచి ఎవరెవరికి సోకి ఉండవచ్చో వాళ్ళను కూడా వెతికి పరీక్షించాలన్నది ఆయన పట్టు.

ఇలా వెతకడంలో దేశానికొక పద్ధతి. స్వీడన్ 1918లోనే చట్టం చేసి వైద్యం ఉచితం చేసింది. ఎవరి నుంచి సోకిందో రోగి చెప్పాలన్నది. బ్రిటన్ 1916లో ఉచితంగా, గోప్యంగా వైద్యం చేసే ఏర్పాటు చేసింది. యుద్ధకాలంలో, 1942 చివర, అదే బ్రిటన్ ఒక నిబంధన తెచ్చింది. ఇద్దరు రోగులు ఒకే మనిషి పేరు చెబితే ఆ మనిషి తప్పనిసరిగా పరీక్షకు రావాలి. ఆ పట్టు ఎక్కువగా ఆడవాళ్ళకే బిగిసిందని విమర్శలు వచ్చాయి. 1947లో ఆ నిబంధన పోయింది. దాని తరవాత నిలిచింది మెత్తని పద్ధతే. ఆస్పత్రిలో రోగికి ఒక చీటీ ఇస్తారు. చీటీ మీద జబ్బు పేరు ఉండదు, గుర్తు మాత్రం ఉంటుంది. దాన్ని అతను భార్యకో, సంబంధమున్న మనిషికో ఇస్తాడు. ఆ మనిషి ఏ ఆస్పత్రికి వెళ్ళినా వైద్యుడు గుర్తు చూసి గ్రహిస్తాడు. నోట రాని మాటను చీటీ చెబుతుందన్నమాట.

దాచడం రోగి నుంచే మొదలవుతుందని అనుకోకండి. 1932లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కీగీ దగ్గర ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పేదరైతులను, పోల్చి చూడడానికి జబ్బు లేని 201 మందిని తీసుకున్నారు. జబ్బు పేరు వాళ్ళకు చెప్పలేదు. "మీ రక్తం చెడింది" అన్నారు, అంతే. మన పల్లెల్లోనూ వినిపించే మాటే అది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. చికిత్స లేకపోతే జబ్బు ఎటు పోతుందో చూడడమే వాళ్ళ ఉద్దేశం. 1972లో పత్రికల్లో బయటపడేదాకా, 40 ఏళ్ళు, ఇది నడిచింది. తమకు ఏముందో తెలియని ఆ మనుషులు భార్యలకు ఏం చెబుతారు? భార్యలకు సోకింది, కొందరు పిల్లలు జబ్బుతోనే పుట్టారు. 1997 మే 16న అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పాడు.

మన దేశంలో ఈ ప్రశ్న కొత్త రూపంలో ముందుకొచ్చింది 1986లో. మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల కలిసి హెచ్ఐవీని తొలిసారి గుర్తించారు. రక్తనమూనాలను పరీక్షించింది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. అప్పట్లో దానికి మందు లేదు. భయం మాత్రం చాలా ఉంది. భయం ఉన్న చోట దాపరికం రెట్టింపవుతుంది.

1998లో ఒక కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. రక్తదానం సందర్భంగా ఒక యువకుడికి హెచ్ఐవీ ఉన్నట్టు ఆస్పత్రిలో తేలింది. ఆ సంగతి బయటికి పొక్కి కుదిరిన పెళ్ళి ఆగిపోయింది. నా రహస్యం ఎందుకు బయటపెట్టారని అతను దావా వేశాడు. పెళ్ళికూతురి ఆరోగ్యం కాపాడడం కూడా హక్కే కనుక రహస్యపు హక్కు ఇక్కడ నిలవదని కోర్టు అన్నది. అంతటితో ఆగక, ఇలాంటి రోగులకు పెళ్ళి చేసుకునే హక్కే ఉండదన్నట్టు వ్యాఖ్యానించింది. 2002 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వ్యాఖ్యలు అనవసరమని చెప్పింది. నిజం తెలిసి, ఇష్టపడి చేసుకునే పెళ్ళికి అడ్డేముంది?

ఆ తరవాత 2017లో హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. అందులో ఈ విషయం మీద రాసిన భాగం నాలుగు వందల ఏళ్ళ అనుభవం నుంచి పుట్టినట్టే ఉంటుంది. రోగి తానే తన భాగస్వామికి చెప్పాలి, సోకకుండా జాగ్రత్త పడాలి. వైద్యుడో, కౌన్సిలరో మొదట రోగికి నచ్చజెప్పాలి. భాగస్వామికి నిజంగా ప్రమాదం ఉండి, రోగి చెప్పడని తేలితే, ముందుగా రోగికి తెలియజేసి, అప్పుడు మాత్రమే వైద్యుడు స్వయంగా భాగస్వామికి, ధైర్యం చెబుతూ, తెలియజేయవచ్చు. ఇంకొక మాట కూడా ఆ చట్టంలో ఉంది. చెబితే ఆ రోగిని, ముఖ్యంగా స్త్రీని, కొట్టడమో, ఇంట్లోంచి వెళ్ళగొట్టడమో జరుగుతుందన్న భయం ఉంటే, చెప్పరాదు.

ఈ చివరి మాట ఎంత అవసరమో ఆలోచించండి. కడుపుతో ఉన్న అమ్మాయికి ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తారు. ఇంట్లో అందరికంటే ముందు ఆమె జబ్బు బయటపడుతుంది. ముందు తెలిసిన మనిషే ముందు తెచ్చిన మనిషని అత్తవారు అనుకుంటారు. జబ్బు తెచ్చింది అతనైనా, నింద పడేది ఆమె మీద. లాక్ హాస్పిటల్ మూతపడి వందేళ్ళు దాటినా, ఆ బుద్ధి కొన్ని ఇళ్ళలో ఇంకా మూతపడలేదు. అందుకే దంపతులిద్దరికీ ఒకేసారి పరీక్ష చేయించడం మేలు. ఎవరు ముందన్న గొడవకు చోటుండదు.

విడాకుల చట్టం గురించి కూడా ఒక మాట. 1955 హిందూ వివాహ చట్టంలో అంటుకునే సుఖవ్యాధి విడాకులకు ఒక కారణం. మొదట మూడేళ్ళపాటు జబ్బు ఉండాలన్న షరతు ఉండేది. 1976లో ఆ షరతు తీసేశారు. తెలిసి జబ్బు అంటించడం శిక్షార్హమైన నేరమే. పాత శిక్షాస్మృతిలోని 269, 270 సెక్షన్ల స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయసంహితలో 271, 272 సెక్షన్లు వచ్చాయి. కాని ఇవన్నీ జరిగిపోయాక పనికొచ్చేవి. జరగకముందు పనికొచ్చేది ఇంట్లో చెప్పిన మాటే.

మరి ఆ మాట ఎలా చెప్పాలి? ఈ రోజు మన చేతిలో, ఆ రోజుల్లో ఎవరికీ లేని బలం ఒకటి ఉంది. వైద్యం ఉంది. తొలి దశలో సవాయికి సాధారణంగా ఒక్క పెన్సిలిన్ సూది చాలు. సెగరోగానికి మందుంది. హెచ్ఐవీ పూర్తిగా పోకపోయినా, రోజూ మందు వేసుకుంటూ రక్తంలో క్రిమి లెక్కకు అందనంత తగ్గి అలాగే నిలిస్తే, సంసారం ద్వారా భాగస్వామికి అది సోకదని ఈనాటి వైద్యశాస్త్రం చెబుతోంది. కనుక చెప్పేవాళ్ళు కబురుతో పాటు వైద్యం సంగతి కూడా చెప్పవచ్చు. "నాకు పరీక్షలో ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. నీకూ సోకి ఉండవచ్చు. మందుంది. రేపు ఇద్దరం కలిసి వెళదాం." ఈ నాలుగు మాటలు చాలు. ఎవరి వల్ల అన్న ప్రశ్న రాక మానదు. దానికి జవాబు చెప్పుకోవలసిందే. కాని మందు దానికోసం ఆగకూడదు. ఒకరే మందు తీసుకుని ఇంకొకరు తీసుకోకపోతే జబ్బు మళ్ళీ తిరిగి వస్తుంది. ఇద్దరికీ వైద్యం పూర్తయ్యేదాకా దూరంగా ఉండడం మంచిది.

నోరు పెగలనివాళ్ళకు కూడా దారి ఉంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సుఖవ్యాధులకు సురక్షా క్లినిక్కులు ఉన్నాయి. అక్కడి కౌన్సిలరు సమక్షంలో చెప్పుకోవచ్చు. 1097 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా దొరుకుతుంది. మనం బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా ఆ నంబరు ఒకటే. పొరుగు రాష్ట్రపు భాషలో ఇలాంటి సంగతి చెప్పుకోలేక ఊరుకుండిపోయే మన ఆడపడుచులు ఉంటారు. వాళ్ళకు తోడుగా, మాట తెలిసిన ఒక అక్కో, వదినో వెళితే ఎంతో మేలు. అయితే అక్కడ విన్నది అక్కడే వదిలేసి రావాలి.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. జీవశాస్త్రం పుస్తకంలో ఈ పాఠం వచ్చినప్పుడు ఇంట్లో చదువుకోండి అని పేజీ తిప్పేసే అలవాటు మన బడుల్లో ఉంది. ఇంట్లో ఆ పేజీ ఎవరూ తెరవరు. ఆ పిల్లలే రేపు భార్యాభర్తలవుతారు. పేర్లు పేర్లుగా, సిగ్గు లేకుండా, ఎగతాళి లేకుండా ఒక్క పీరియడు చెప్పండి. రేపు అవసరం పడితే ఆ మాటలు వాళ్ళకు నోటికి వస్తాయి.